నిద్రపోతున్న డిస్కు

ఇందుకూరుపేటలో ఎవరి లాప్‌టాప్ మొరాయించినా ప్రేమలీల కొట్టుకే వస్తుంది. సముద్రపు గాలికి లోపలి బోర్డులు తుప్పు పడతాయి. రొయ్యల గుంటల దగ్గర పనిచేసేవాళ్ళ పెన్‌డ్రైవుల నిండా వైరస్‌లు. నెల్లూరులో కోర్సు చేసి వచ్చిన కొత్తలో ఆమెకు ఇదంతా సరదాగానే ఉండేది. ఇప్పుడు నలభై దాటాయి. నడుము నొప్పి. ఇంట్లో సంపాదన ఆమెదొక్కటే కాబట్టి, విసుగొచ్చినా షట్టరు ఎత్తక తప్పదు. నాకైతే ఆ కొట్టులో ఒక పూట కూర్చుంటేనే తల బొప్పి కడుతుంది.

ఆమె సొంత కంప్యూటర్‌లో విండోస్ ఉండదు, లినక్స్ ఉంటుంది. జనం మోసుకొచ్చే వైరస్‌ల బాధ దానికి లేదు. చెడిపోయిన లాప్‌టాప్‌లోంచి డిస్కు ఊడదీసి, తన కంప్యూటర్‌కు తగిలించి, అందులోని విండోస్ భాగాన్ని లినక్స్‌లో తెరుస్తుంది. మౌంట్ చేయడం అంటారు దాన్ని. పక్కింటివాళ్ళ బీరువాను మన ఇంటికి తెచ్చుకుని తెరిచినట్టు.

అయితే మన జనం లాప్‌టాప్‌ను ఆపరు. మూత మూసేసి, ఆపేశామంటారు. అది ఆగదు, నిద్రపోతుంది. ఛార్జింగ్ అయిపోయే ముందు, అప్పటిదాకా తెరిచి ఉన్నదంతా ఒక ఫైలులో దాచుకుని మరీ పడుకుంటుంది. అలాంటి డిస్కును తగిలిస్తే లినక్స్ చూడనిస్తుంది గానీ ముట్టుకోనివ్వదు. వైరస్‌లు తుడవాలంటే ముట్టుకోవాలి కదా! రోజూ ఇదే గొడవ. పూర్తిగా ఆపి తెమ్మని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి, ఆ నిద్ర ఫైలును తీసిపారేసి డిస్కును పూర్తిగా తెరిచేందుకు ప్రేమలీల తెరమీద ఒక బటన్ తయారు చేసుకుంది. ఇక ఎవరినీ ఏమీ అడగడం మానేసింది.

డిసెంబరు మొదట్లో జకరయ్య వచ్చాడు. మైపాడులో టైలరు. చర్చిలో క్రిస్మస్ నాటకం ఏటా ఆయనే రాస్తాడు, వేషాలకు బట్టలూ ఆయనే కుడతాడు, హేరోదు రాజు వేషానికి మనిషి దొరక్కపోతే ఆ మీసాలూ ఆయనే పెట్టుకుంటాడు. చూపు తగ్గి కలం పట్టలేకపోతుంటే, మొన్న ఎండాకాలంలో మేనల్లుడు తన పాత లాప్‌టాప్ ఇచ్చాడు. అక్షరాలు బాగా పెద్దవి చేసుకుని, ఒక్క వేలితో కొట్టుకుంటున్నాడు.

“ఛార్జింగ్ ఎక్కడం లేదమ్మా. నాటకం దీంట్లోనే ఉండాది. ఆదివారం నుంచి పిల్లోళ్ళకు నేర్పించాల” అన్నాడు.

ఛార్జింగ్ సాకెట్ తుప్పు పట్టింది. కొత్తది నెల్లూరు నుంచి రావాలి. ఈలోగా నాటకం తీసిద్దామని ఆమె డిస్కు ఊడదీసి తగిలించింది. నిద్రలో ఉందన్న హెచ్చరిక ఎప్పటిలాగే తెరమీదికి వచ్చింది. దాన్ని చదవకుండానే బటన్ నొక్కింది. వైరస్‌లు తుడిచింది. ఫొటోలు వచ్చాయి, చర్చి పాటలు వచ్చాయి. నాటకం ఎక్కడా లేదు.

“ఏ పేరుతో సేవ్ చేసినారన్నా?”

“సేవా? అదేందో నాకు తెలీదు. రాసినంత రాసి మూత మూస్తా. మళ్ళా తెరిస్తే యాడ ఆపినానో ఆడే ఉంటది. మూడు నెల్ల నుంచీ అంతే.”

ప్రేమలీలకు అప్పుడు అర్థమైంది. నాటకమంతా తను బటన్ నొక్కి తీసేసిన ఆ నిద్ర ఫైలులోనే ఉండింది. సాకెట్ మార్చి ఆన్ చేసి ఉంటే, ఆయన వదిలిన పేజీ వదిలినట్టే తెరుచుకునేది. పోయిన ఫైళ్ళను వెతికే ప్రోగ్రాములన్నీ నడిపి చూసింది. అప్పటికే ఆ చోట వేరేవి రాసేసి ఉన్నాయి. చెత్త తప్ప ఏమీ రాలేదు. ఆమె మొహం చూసి జకరయ్యే సర్దిచెప్పాడు.

“నేనే ఏదో తప్పు నొక్కుంటానులే. ముసిలి చేతులు.”

అక్కడితో వదిలేయవచ్చు. డిస్కు పాడైందని ప్రేమలీల అంటే, ఇందుకూరుపేటలో కాదనే మనిషి లేడు. బెంచీ మీద జనం కాచుకుని కూర్చున్నారు కూడా. కానీ ఆమెకు అబద్ధం ఆడే ఓపిక కూడా లేకపోయింది.

“మీ తప్పేం లేదన్నా. నేనే చూడకుండా తీసేసినాను. ముందు మిమ్మల్ని ఒక్క మాట అడిగుంటే నాటకం మిగిలేది.”

ఆయన తిడితే బాగుండునని ఆమెకు అనిపించింది. ఆయన తిట్టలేదు.

“ఈ కళ్ళతో ఇప్పుడు మళ్ళా రాయలేను. ఈ ఏడు పిల్లోళ్ళ చేత పాటలు పాడిస్తాంలే” అని స్టూలు మీంచి లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

“చర్చి మైకైనా, మా ఇంట్లో ఫోనైనా, నీ చేతిలో పెట్టినాక ఇంక దాని గురించి ఆలోచించేవాణ్ణి కాదమ్మా. ఇప్పటి నుంచి ఆలోచించాల.”