ఏడో జవాబు

చాలా ఏళ్లుగా ఒక చిన్న మాట నా గొంతుకు అడ్డంపడి ఉంది. ఆ మాట ‘ఓకే’. నవ్వొస్తోందా? నాకు రాదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఎనభైల్లో పల్నాడులోని ఒక సిమెంటు ఫ్యాక్టరీలో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరాను. క్వారీ రాయిలో సున్నం ఎంతుందో లెక్కకట్టే ప్రోగ్రాం రాశాను. దాన్ని పరీక్షించడానికి ఇంకో ప్రోగ్రాం. అది పన్నెండు శాంపిళ్ల లెక్కలు తనంతట తనే నడిపి, వచ్చిన జవాబును సరైన జవాబుతో పోల్చి, ‘ఓకే’ అనో ‘తప్పు’ అనో ప్రింటు తీస్తుంది. తర్వాతి రోజుల్లో కుర్రాళ్లు పెర్ల్ అనే కంప్యూటర్ భాషలో రెడీమేడ్‌గా దొరికే మాడ్యూల్‌తో చిటికెలో చేసిన పనే. నాకు మూడు వారాలు పట్టింది. ఎంత మురిసిపోయానో!

సరైన జవాబులు ఇచ్చింది ల్యాబులో ఏళ్ల తరబడి పనిచేస్తున్న మస్తాన్ బాబాయ్. అరఠావు మీద చేత్తో వేసిచ్చాడు. నడిపితే పదకొండు ఓకే. ఏడోది తప్పు. మర్నాడే పెద్ద మేనేజరు చూడటానికి వస్తున్నాడు. నా ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు.

“మీ ఏడో లెక్క తప్పు బాబాయ్. మిషను తప్పు చెయ్యదు,” అన్నాను.

“చెయ్యదులే అమ్మాయ్. దానికి చెప్పినోళ్లు చేస్తారుగా? అది వానలో తడిసిన రాయి. ఒక్కసారి చూడరాదూ,” అన్నాడు.

చూడలేదు. ఆయన అంకె కొట్టేసి, నా ప్రోగ్రాం ఇచ్చిన అంకెనే సరైన జవాబుగా ఎక్కించాను. దొంగ చేతికే తాళాలిచ్చినట్టు! పన్నెండుకు పన్నెండూ ఓకే. మేనేజరు మెచ్చుకున్నాడు. అరఠావు మీద నేను కొట్టేసిన అంకె చూసి, మస్తాన్ లెక్క తప్పుతున్నాడంటూ బాబాయ్‌ని ల్యాబు నుంచి లారీల గేటుకు మార్చారు. అక్కడ అందరూ ‘ఏడో లెక్క మస్తాన్’ అని ఆటపట్టించేవాళ్లు. ఆయనా నవ్వేవాడు.

ఆ వానాకాలంలోనే తప్పు దొరికింది, నాకొక్కదానికే. నా ప్రోగ్రాంలో రాయిలోని తడి బరువు తీసెయ్యడం మర్చిపోయాను. గుట్టుగా దిద్దేశాను. నోరు విప్పలేదు. భయమా? భయమొక్కటే అయితే పర్మినెంటయ్యాక చెప్పేదాన్నిగా? తెలివైన పిల్ల అన్నారు నన్ను. ఆయన పేరు పోగొట్టి తెచ్చుకున్న పేరని తెలిసి కూడా దాన్ని వదులుకోలేకపోయాను. సిగ్గుగా ఉంది.

ఆ అరఠావు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. బాబాయ్ కూడా ఉన్నాడు, మాచర్ల స్టేషను వెనక, కూతురింట్లో. ఆదివారం రైలెక్కుతున్నాను. ఆయన ఏమంటాడో తెలియదు. తిడితే తిట్టనీ. ఇవాళ పొద్దున, నేను కొట్టేసిన అంకె పక్కన ‘ఇదే సరైనది’ అని రాసి, కింద నా పేరు పూర్తిగా రాశాను.