బియ్యం డబ్బాలో సర్కారు గిన్నె

అమీర్‌పేట నుంచి పంజాగుట్టకి మెట్రోలో ఒక్క స్టేషనే. దానికీ ఒక యాత్రాకథనమా అని నవ్వకండి. వెయ్యేళ్ల నాటి చైనా గిన్నె చేతిలో పెట్టుకుని వెళ్లి చూడండి, తెలుస్తుంది.

దంతాల ల్యాబులో పింగాణీ పళ్లు చేయడం నా పని. రోజంతా భూతద్దంతోనే. తెలుపు మీద పిచ్చి అక్కడే పట్టింది. పదకొండేళ్ల క్రితం కొన్న నా తెల్ల గిన్నె అడుగున ‘గ్వాన్’ అనే చైనా అక్షరం చెక్కి ఉంది. సర్కారువారిది అని అర్థం. పంజాగుట్టలో ఉండే రిటైర్డ్ టీచర్ సులోచనగారు, తన తాతగారి గిన్నె మీదా అదే అక్షరం ఉందని, నా గిన్నెతో పోల్చి అసలుదో కాదో చెప్పమని పిలిచారు. అసలుదైతేనే మనవరాలి బాప్తిస్మానికి కానుకగా ఇస్తారట.

పది గంటలకు బయల్దేరాను. స్టీలు డబ్బాలో బియ్యం పోసి గిన్నెను మధ్యలో పాతిపెట్టాను. అంతకు మించిన ప్యాకింగు నాకు తెలియదు. అమీర్‌పేట స్టేషన్లో స్కానర్ దగ్గరి సెక్యూరిటీ అమ్మాయి ఆపింది.

“గీ బియ్యంల ఏం దాచినవన్నా?”

“వెయ్యేళ్ల గిన్నెమ్మా! చైనా సర్కారుది!”

“అబ్బో! జర పైలం అన్నా, మస్తు రష్ ఉంది.”

నిజంగానే ఉంది. ట్రైన్లో ఉన్న రెండు నిమిషాలూ డబ్బాను రెండు చేతులా పట్టుకునే నిలబడ్డాను.

పదిన్నరకల్లా ఫ్లైఓవర్ పక్క సందులో వాళ్ల ఫ్లాటు చేరాను. సులోచనగారు “వందనాలు బాబూ” అని టీ ఇచ్చి, రెండు గిన్నెలూ పక్కపక్కన పెట్టారు.

“నీదెంత నున్నగుంది! నా దాని మీద పూత కన్నీటి చారల్లెక్క జారింది. నాది డూప్లికేటే కదా?”

భూతద్దం తీశాను. ఆ చారలు ఆ కాలం గిన్నెలకు ఉండేవే. అక్షరం గాట్లలోకి పూత దిగి అంచులు మెత్తబడ్డాయి. అంటే చెక్కాకే పూత పూసి కాల్చారు. తర్వాత నాది చూశాను. గాటు అంచులు పదునుగా ఉన్నాయి, లోపల మెరుపే లేదు. పూత పూశాక అరగదీసిన పన్ను అచ్చం ఇలాగే ఉంటుంది. పూసి కాల్చేశాక ఎవడో తీరిగ్గా ఆ అక్షరం చెక్కాడు! ఊళ్లోవాళ్ల పళ్లన్నీ భూతద్దం కింద పెట్టేవాణ్ణి, పదకొండేళ్లలో దీన్ని ఒక్కసారి పెట్టలేదు. మనదాన్ని మనం అనుమానిస్తామా ఏంటి?

‘అవునండీ’ అంటే చాలు, నా పరువు దక్కేది. ఆవిడ అప్పటికే తన గిన్నెను పాత టవల్లో చుట్టేస్తున్నారు.

“ఆగండి మేడమ్‌గారూ. మీదే అసలుది. నాదే డూప్లికేటు.”

“నీ నోటితోనే చెప్తున్నవా బాబూ!” అంటూ ఆవిడ గిన్నెను గుండెకు హత్తుకున్నారు.

పన్నెండుకు తిరుగు ట్రైను. డబ్బాను ఈసారి కాళ్ల దగ్గరే పెట్టాను. సిగ్గేసిందా అంటే వేసింది. కానీ నా సొంత గిన్నె విషయంలోనూ నా కన్ను అబద్ధం చెప్పలేదు కదా అనుకుంటే, నడుము దానంతటదే నిటారుగా అయింది. అమీర్‌పేటలో బయటికొస్తుంటే ఆ సెక్యూరిటీ అమ్మాయే పలకరించింది.

“వెయ్యేళ్ల గిన్నె పైలమేనా అన్నా?”

“పైలమే. పంజాగుట్టలో ఉందమ్మా. కనిపెట్టింది నేనే!”