మూత పెట్టిన అడవి

నా చిన్నప్పుడు మా బడి వరండాలో ఒక చివర ఎడారి, ఇంకో చివర అడవి ఉండేవి. మాది ప్రత్తిపాడు దాపున నల్లరేగడి ఊరు. పత్తి, మిరప తప్ప కంటికి ఇంకో పైరు ఆనేది కాదు. సాగర్ కాలవ వస్తుందని పెద్దవాళ్ళు చెప్పుకోవడమే గాని నీళ్ళు ఇంకా రాలేదు. అలాంటి ఊరికి బదిలీ మీద వచ్చిన మా సాంఘికం మాస్టారికి, పాఠంలో ఉన్న ఎడారినీ, ఏడాది పొడుగునా వాన కురిసే అడవినీ పిల్లల చేతే చేయించాలని బుద్ధి పుట్టింది. కుమ్మరివాళ్ళ ఇంటి వెనక పారేసిన పగిలిన బానల అడుగులు తెప్పించి మనిషికొకటి ఇచ్చారు. సగంమంది అందులో ఎడారి చెయ్యాలి, సగంమంది అడవి చెయ్యాలి.

నేను అడవి కావాలని చెయ్యెత్తాను. ఏనుగుల కోసమో కోతుల కోసమో కాదు. ఎప్పుడూ వాన పడే చోటు ఒకటి ఈ భూమ్మీద ఉందంటేనే నాకు ఒళ్ళు పులకరించింది. స్తంభానికి ఆనుకుని నిలబడ్డ బడి బంట్రోతు నవ్వి, "దానికి ఎడారి ఇవ్వండి మాస్టారూ, నీళ్ళతో పనుండదు" అన్నాడు. పిల్లలంతా నవ్వారు. ఎందుకు నవ్వారో నాకూ తెలుసు. మా కులం పిల్లలం బడి బావి గిలక ముట్టుకోకూడదు, నీళ్ళకుండ దరిదాపులకి పోకూడదు. దాహమైతే అరుగు కింద నిలబడి దోసిలి పట్టాలి. బంట్రోతుకి తీరిక దొరికినప్పుడు పైనుంచి పోస్తాడు. సగం నీళ్ళు మోచేతుల మీదుగా కారి మట్టిలో పడేవి. ఇది రాస్తుంటే ఈ వయసులో కూడా నాకు పళ్ళు పటపట కొరకాలనిపిస్తోంది.

మాస్టారు నాకు అడవే ఇచ్చారు. ఎడారి పిల్లలు వాగులో ఇసుక తెచ్చి పోశారు, నాగజెముడు ముక్కలు గుచ్చారు, నల్లమట్టితో ఒంటెల్ని చేశారు. ఆ ఒంటెలు మూపురం మొలిచిన గేదెల్లా ఉండేవి. నీళ్ళు ఖర్చు కాకుండా ఆకుల్ని ముళ్ళుగా మార్చుకున్న మొక్కల గురించి మాస్టారు చెబుతుంటే నోళ్ళు తెరుచుకుని విన్నాం. మేం అడవి పిల్లలం వాగు ఒడ్డు చెమ్మలోంచి పాచి, చిన్న చిన్న ఆకుమొక్కలు వేళ్ళతో సహా పెకలించుకొచ్చి బానల్లో నాటాం. అడవి కాబట్టి పూటపూటా నీళ్ళు చల్లాలి.

మిగతావాళ్ళు గిలక తిప్పి చేదలకు చేదలు తోడేవాళ్ళు. అడవుల మీద కొంత, ఒకళ్ళ మీద ఒకళ్ళు కొంత చల్లుకునేవాళ్ళు. నేను మాత్రం బంట్రోతు వెనకాల తిరిగేదాన్ని. అతనికి గంట కొట్టే పని, చుట్ట కాల్చే పని, హెడ్మాస్టరుగారి సైకిలు తుడిచే పని. నా దగ్గరికి వచ్చేసరికి తీరికుండేది కాదు. ఇంటి నుంచి తెద్దామంటే మా పేట బావి నీళ్ళు ఉప్పు, మొక్క మాడిపోతుంది. తాగే నీళ్ళు మా అమ్మ వాగు చెలమలోంచి కడవతో మోసుకొచ్చేది. వాటిని మొక్కకి పోస్తానంటే ఒళ్ళు చీరేస్తుంది. చూస్తుండగానే నా పాచి పెచ్చులు లేచింది, ఆకులు ముడుచుకుపోయాయి. ఎడారి చేసిన కుర్రాడొకడు వచ్చి, "ఒరేయ్, ఇక్కడ ఇంకో ఎడారి చూడండ్రా" అని అరిచాడు. నేను ఆ బానముక్క ఎత్తి వరండా గచ్చు మీద భళ్ళున పగలగొట్టాను.

మాస్టారు అంతా చూశారు. మర్నాడు కొట్లో పిప్పరమెంట్లు పోసుకునే పెద్ద గాజుసీసా ఒకటి పట్టుకొచ్చారు. అడుగున గులకరాళ్ళు, బొగ్గుముక్కలు వేసి, మట్టి పోసి, మొక్కలు నా చేతనే నాటించారు. ఒక చెంబు నీళ్ళు తనే తెచ్చి పోశారు. మూత బిగించి, చుట్టూ మైనం పూసి, ఎండ నేరుగా తగలని కిటికీలో పెట్టారు. తెల్లారి వచ్చి చూద్దును కదా, గాజు లోపలంతా ముత్యాల్లాంటి చుక్కలు! ఒకదానికొకటి తగులుకుని జారి మట్టిలో పడుతున్నాయి. లోపలి నీళ్ళే ఆవిరై పైకి పోయి మళ్ళీ కిందికి కురుస్తాయట, అసలు అడవిలోనూ జరిగేదదేనట. బడి బడంతా నా సీసా ముందు మూగింది. "ఇంక నువ్వు నీళ్ళు ఎవర్నీ అడగక్కర్లేదమ్మా" అన్నారు మాస్టారు. నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

సాయంత్రం ఇంటికి పరిగెత్తి అమ్మకి చెప్పాను. అమ్మ మిరపకోతకి వెళ్ళొచ్చి, మండే చేతులకి ఆముదం రాసుకుంటోంది. ఆసాంతం వింది. "అడివికి నీళ్ళక్కర్లేకుండా చేశాడు మీ పంతులు. బాగానే ఉంది. మరి నీకు దప్పిక లేకుండా చేస్తాడంటనా?" అంది.

నా సంతోషం చప్పున చల్లారిపోయింది. మర్నాడు బడికి పోయి ఆ మాటే మాస్టారిని అడిగాను. ఆయన కిటికీలోంచి బావి వైపు ఒకసారి చూశారు. సుద్దముక్క తీసుకుని నల్లబల్ల వైపు తిరిగి పాఠం రాయసాగారు. ఆ క్షణంలో నాకు బంట్రోతు మీద కన్నా ఆయన మీదే ఎక్కువ మండింది. బంట్రోతు దగ్గర నేను ఏమీ ఆశించలేదు. ఈయన మంచివాడు. ఇంత తెలివీ ఉపయోగించి, నాకు నీళ్ళు ఇప్పించడం మానేసి, నీళ్ళు లేకుండా నెట్టుకొచ్చే దారి చూపించాడు.

నేను బయటికి నడిచి, బావి గట్టెక్కి, చేంతాడు పట్టుకున్నాను. చేద బరువుకి చేతులు ఊడిపోతాయనిపించింది. గిలక కీచుమంది. బంట్రోతు గుండెలు బాదుకుంటూ వచ్చాడు. "ఒసేయ్, బావిని మైల చేశావు కదే!" అని కేకలు పెట్టాడు. తరగతులన్నీ బయటికొచ్చాయి. వాళ్ళ మధ్యలోంచి మాస్టారు రావడం చూసి, నా వీపు పగిలిందే అనుకున్నాను. ఆయన గట్టు కింద గొంతుక్కూర్చుని, నా ముందు దోసిలి పట్టారు. "పొయ్యమ్మా, దాహంగా ఉంది" అన్నారు. చేద వంచి పోశాను. సగం నీళ్ళు ఆయన మోచేతుల మీదుగా కారి పంచె తడిసింది.

ఆ సాయంత్రమే ఊరి పెద్దలు దిగారు. మనుషుల్ని పెట్టి బావి అడుగంటా తోడించారు. నా అడవికి చెంబెడు నీళ్ళు పొయ్యడానికి తీరిక లేని బంట్రోతు అందరికన్నా ముందు నిలబడి తోడాడు. బావెడు మంచినీళ్ళు బడి ఆవరణ దాటి, బజారున పడి, నల్లమట్టిలో ఇంకిపోయాయి. పరీక్షల లోపే మాస్టారిని ఎక్కడికో బదిలీ చేశారు. మమ్మల్ని మళ్ళీ అరుగు కిందే నిలబెట్టారు. నేను ఆ బడిలో చదివినన్నాళ్ళూ మళ్ళీ దోసిలి పట్టలేదు, నాలుక పిడచకట్టినా సరే.

తర్వాత నేనూ పంతులమ్మనయ్యాను. ఏ ఊరు వెళ్ళినా పిల్లల చేత ఎడారులూ అడవులూ చేయించాను. వాటికి ముందు మాత్రం ఒక పని ఉండేది. ఎవరి చేతి నీళ్ళు ఆ ఊళ్ళో ముట్టరో ఆ పిల్లని పిలిచి, చెంబుతో నీళ్ళు తెమ్మని, అందరూ చూస్తుండగా గొంతుక్కూర్చుని దోసిలి పట్టేదాన్ని. కొందరు తమ పిల్లల్ని బడి మానిపించారు. కొందరు హెడ్మాస్టర్లు నన్ను పక్కకి పిలిచి, మనకెందుకమ్మా ఇవన్నీ అని మెత్తగా చెప్పి చూశారు. ఇంత వయసొచ్చినా నీకు కోపం తగ్గలేదేమని మా పిల్లలు ఇప్పటికీ విసుక్కుంటారు. ఎందుకు తగ్గాలి? దోసిట్లో నీళ్ళు పడుతున్నప్పుడు మా మాస్టారి తడిసిన పంచె గుర్తొచ్చేది. ఆ వెంటనే, నేలపాలైన ఆ బావి గుర్తొచ్చేది. అప్పుడు ఆ పిల్ల మొహంలోకి చూసి, ఇంకో దోసెడు పొయ్యమ్మా అనేదాన్ని.