కొల్లాపూర్ దాటితే మాల్దీవులట

మా బామ్మర్ది నరేశ్ ఫోన్ల చూసిన ఒక వీడియో పుణ్యాన నేను నది ఒడ్డుకున్న సోమశిలకు పోయిన. నీలం నీళ్లు, పచ్చటి గుట్టలు, కింద 'తెలంగాణ మాల్దీవులు' అని రాత. మా నార్కట్‌పల్లిల మాల్దీవులు చూసినోడు ఒక్కడు లేడు కాబట్టి కాదనేటోడు కూడ లేకపాయె.

"తక్కువ ఖర్చుల అయిపోతది బావా. వీపుకొక సంచి, చేతిల టికెట్, గంతే" అన్నడు నరేశ్.

పొద్దుగాల ఆరింటికి నల్లగొండ బస్సెక్కినం. ఆడికెల్లి దేవరకొండ, కల్వకుర్తి, నాగర్‌కర్నూల్. ఎక్కుడు, దిగుడు, మల్ల ఎక్కుడు. ఒక్కో బస్టాండుల ఒక్కో తీరు వాసన. వీడియోల వాసన రాదు గద, గందుకే అండ్ల అన్ని ఊర్లు మంచిగనే ఉంటయి. దారిల ఇడ్లీలు తిన్నం. చెంచాకు లొంగకపోతె చేత్తోని విరుసుకున్నం.

నాగర్‌కర్నూల్ల ఎక్కిన బస్సుల నరేశ్ సంచి ముందు సీటు అవ్వ తలకు తాకింది. ఆమె పేరు బాలమ్మ, అరవై దాటి ఉంటయి.

"గిండ్ల ఏమున్నది బిడ్డా, గింత బరువు?"

"టెంటు అవ్వా. బట్ట ఇల్లు. ఏడంటె ఆడ ఏసుకొని పండొచ్చు."

"ఎందుకు, మీకు ఇల్లు లేదా?"

నరేశ్ కిటికీ దిక్కు తిరిగిండు.

బాలమ్మ కూడ నది కాడికే పోతాంది. శ్రీశైలం డ్యాం కట్టినప్పుడు ఆమె తల్లిగారి ఊరు మునిగిందట. ఎండకాలం నీళ్లు తగ్గితె ఆ ఊరు బయటపడ్తదట. "మోకాళ్లు సాగినప్పుడే ఒక్కపారి చూసొస్త. పడవ కాడ జర నా చెయ్యి పట్టుకోండ్రి" అన్నది.

పగటీలి రెండింటికి కొల్లాపూర్ చేరినం. ఆమె చుట్టాలింటికి పోయింది, మేము అగ్గువకు దొరికిన లాడ్జికి పోయినం. ఫ్యాను ఉన్నది, తిరగదు. కిటికీ ఉన్నది, తెరుసుకోదు. నల్లా మాత్రం బంద్ కాదు.

తెల్లారి బాలమ్మను ఎక్కించుకొని ఆటోల సోమశిల పోయినం. నీళ్లు వీడియోల ఉన్నంత నీలంగ లేవు, ఒడ్డు పొంటి మాత్రం ఖాళీ సీసలు తళతళ మెరుస్తున్నయి. పడవల మాతోని పట్నం పోరలు, పోరీలు ఒక గుంపు ఎక్కిన్రు. అందరికీ ఒకటే తీరు టోపీలు, నడుమ పాటల డబ్బా. ప్రకృతి చప్పుడు వినొద్దని ఇంటికాన్నుంచే తెచ్చుకున్నట్టున్నరు. లైఫ్ జాకెట్లు ఒక మూలకు తాడుతోని కట్టి ఉన్నయి. అడిగితె, "ఏసుకుంటె ఖరాబైతయన్నా" అన్నడు పడవాయన.

అరగంటకు బాలమ్మ చెప్పిన ఊరొచ్చింది. ఊరంటె కప్పులు లేవు, మోకాలెత్తు రాతి గోడలు, పగుళ్లు పట్టిన ఒండ్రు. పోరలు గోడల మీదికెక్కి ఫోటోలు మొదలుపెట్టిన్రు. బాలమ్మ ఆగుకుంట, వంగి చూసుకుంట నడిచింది. ఒక కాడ నేలల పాతిన రోలు కనపడంగనే నిలబడ్డది. ఒండ్రును చేత్తోనే తీసింది. కింద రాతి గడప తేలింది. కొంగుకు కట్టుకొచ్చిన పసుపు తీసి దానికి రాసింది. ఏడుస్తదేమో అని నేను పక్కకు చూసిన. ఆమె ఏడ్వలేదు.

అంతల్నే నరేశ్ ఒడ్డు పొంటి ఏసిన టెంటు గాలికి ఎగరకుండ పెట్టనీకి ఒక రాయి మోసుకపోతున్నడు. బాలమ్మ చూసింది.

"గా రాయి ఏడిదిరా?"

"గాడ పడి ఉండె అవ్వా."

"పడి లేదు. మా నాయిన పెట్టిండు."

వాడు తీసుకపోయి ఉన్నకాడ్నే పెట్టిండు. వంకర పెట్టిండని ఆమె మల్ల తిప్పిచ్చింది.

ఎండ ముదురుతాంది. బాలమ్మ గడప దాటి లోపల కూసోని జొన్నరొట్టె మూట ఇప్పింది. టోపీల గుంపుల పిల్ల ఒకతి కెమెరా పట్టుకొని, "ఆంటీ, కొంచెం పక్కకు జరగండి, ఫ్రేములో పడుతున్నారు" అన్నది.

"నేను మా ఇంట్ల కూసున్న. నువ్వే జరుగు" అన్నది బాలమ్మ.

ఆ పిల్ల నవ్వుదామని చూసింది, నవ్వు రాలేదు. గుంపంతా గోడలు దిగి ఒడ్డుకు పోయిన్రు. పాటల డబ్బా కూడ బందయింది.

పడవాయన కేకేసిండు. "వస్తరా రారా? నాకింకో ట్రిప్పున్నది."

"తిన్నంక వస్త" అన్నది ఆమె.

"ఆగ. ఇడిసిపోత."

ఇడిసిపోయిండు. ఆమెను ఒక్కదాన్ని ఆడ పెట్టిపోనీకి మాకు మనసు రాలే, మేమూ ఆగినం. చెట్టు లేదు, నీడ లేదు. సీసల నీళ్లు పొదుపుగ తాగినం. నరేశ్ టెంటు తెచ్చి ఆమె ఇంటి నడుమ నిలబెట్టిండు. ముగ్గురం అండ్ల ఇరుక్కోని రొట్టె, వెల్లిపాయ కారం తిన్నం. ఇది పొయ్యి, ఇది బర్రెలు కట్టేసే జాగా, ఇది తను పుట్టిన మూల అని బాలమ్మ చేత్తోని చూపిచ్చుకుంట చెప్పింది. నరేశ్ ఫోను తియ్యలేదు. ఛార్జింగ్ అయిపోయిందేమో అనుకున్న, కాలేదట.

పొద్దు వాలేటప్పుడు పడవ మల్ల వచ్చింది. పడవాయన బాలమ్మ మొఖం చూడకుండనే జాకెట్ల తాడు ఇప్పి ముందుగాల ఆమెకే ఇచ్చిండు.

రాత్రి బస్సుల నిలబడి వచ్చినం, ఆమెకొక్కదానికే సీటు దొరికింది. నాగర్‌కర్నూల్ల దిగేటప్పుడు నరేశ్ తల మీద చెయ్యి పెట్టి, "మంచిగుండు బిడ్డా" అని పోయింది.

పోవాలనుకునేటోళ్లు ఎండకాలమే పోండ్రి. లాడ్జి బాగుంటదని, ఇడ్లీ మెత్తగుంటదని నేను మాటియ్య. ఆ ఊర్లె తిరిగేటప్పుడు మాత్రం గోడలెక్కి దుంకకుండ్రి. గడపలు ఇంకా ఉన్నయి, అవి దాటి లోపలికి పోండ్రి.