ఈతకు ముందు రెండు చుక్కలు

2022 వేసవి. ఆత్మకూరులో ఓ చిన్న కంటి ఆసుపత్రిలో ఆప్టోమెట్రిస్టుగా పనిచేస్తున్నాను. డాక్టరుగారు చూసేలోపు రోగి చూపు, కంటి ప్రెషర్ పరీక్షించి పెట్టడం నా పని. ఆ ఏడు ఊళ్ళో స్విమ్మింగ్ పూల్ కిటకిటలాడింది. సాయంత్రమయ్యేసరికి మా వరండాలో ఎర్రటి కళ్ళతో పిల్లలు వరసకట్టేవాళ్ళు. గాగుల్స్ బిగుతుగా ఉన్నాయని తీసేస్తారు, నీళ్ళలో ఎవరెంతసేపు కళ్ళు తెరుస్తారో పందేలు కాసుకుంటారు, పైకొచ్చి తడిచేతులతో నులుముకుంటారు. నీళ్ళలో కలిపే క్లోరిన్‌తో కన్ను మండుతుంది. గాగుల్స్ సరిగ్గా పెట్టుకుని, బయటికి రాగానే మంచినీళ్ళతో కడుక్కుంటే చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది. ఈ మాట చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయేది. వినే నాథుడు లేడు.

రేష్మ కళ్ళు మండుతున్నాయని రాలేదు. ఆమె కళ్ళు తెల్లగా, ముచ్చటగా ఉన్నాయి. పద్దెనిమిదేళ్ళ పిల్ల, జిల్లా పోటీల్లో పతకాలు తెచ్చుకుంది. వాళ్ళది ఉదయగిరి. కూతురి ఈత కోసమే, ఆమె అబ్బా అని పిలిచే తండ్రి మస్తాన్ అక్కడి ఆటోస్టాండు వదులుకుని, ఇక్కడ ఇల్లు బాడుగకు తీసుకుని ఆటో తోలుతున్నాడు.

"ఊపిరికి తల తిప్పినప్పుడు పక్క లేన్‌లో అమ్మాయి కనపడేది మేడమ్. ఇప్పుడు కనపడ్డం లేదు. లేన్ తాడుకు భుజం కొట్టుకుంటా ఉండాది" అంది.

చార్టు చివరి వరుస దాకా తడుముకోకుండా చదివేసింది. కానీ కంటిలోపలి ఒత్తిడిని కొలిచే టోనోమీటర్ చూపిన అంకె ఆ వయసులో ఉండాల్సింది కాదు. నమ్మలేక మళ్ళీ కొలిచాను. మారలేదు. ఫీల్డ్ టెస్టుకు కూర్చోబెట్టాను. గిన్నెలాంటి మిషన్‌లోకి సూటిగా చూస్తూ, పక్కల్లో వెలుగు కనిపించినప్పుడల్లా బటన్ నొక్కాలి. వెలుగులు వస్తున్నాయి, పోతున్నాయి. ఆమె బొటనవేలు కదలడం లేదు.

"ఇంకా మొదలుపెట్టలేదా మేడమ్?" అని అడిగింది.

ఎప్పుడో మొదలైన మిషన్‌ను ఆపేశాను. "కళ్ళల్లో మందేమన్నా వేస్తున్నావా?" అన్నాను.

"ప్రాక్టీసుకు ముందు రోజూ రెండు చుక్కలు. మా అబ్బానే వేస్తాడు. అది వేస్తే ఎరుపే ఉండదు."

సంచిలోంచి తీసిన సీసా స్టెరాయిడ్ చుక్కలది. డాక్టరు రాస్తే, చెప్పినన్నాళ్ళే వాడాల్సిన మందు. ఎరుపును ఇట్టే మాయం చేస్తుంది. నెలల తరబడి వేస్తే మాత్రం కొందరికి కంటి ప్రెషర్ పెంచి, చడీచప్పుడు లేకుండా కంటినరాన్ని తినేస్తుంది. ఆ జబ్బు పేరు గ్లాకోమా. పోయిన చూపు ఇక తిరిగి రాదు. మెడికల్ షాపులో ఒకసారి ఇచ్చిన మందు బాగా పనిచేసిందని మస్తాన్ అదే కొంటూ పోయాడు. డాక్టరుగారు కూడా చూసి అదే తేల్చారు.

రేష్మ ఏడవలేదు. డాక్టరుగారు లేచి వెళ్ళాక నా చెయ్యి పట్టుకుంది. "మా అబ్బాకి చెప్పొద్దు మేడమ్. పుట్టుకతోనే ఉండాదని చెప్పండి. తెలిస్తే తట్టుకోలేడు."

నిజం చెబుతున్నా, నాకూ అబద్ధమే ఆడాలనిపించింది. అయినా ఒకమాట అడిగాను. "ఆ చుక్కలు ఇంకెవరికన్నా వేస్తాడా?"

తల దించుకుంది. "మా ఆటోలో వచ్చే పిల్లకాయలందరికీ. కళ్ళు మండి ఏడిస్తే చూడలేడు."

ఇక దాచడానికి దారి లేదు. ఆటోలో కూర్చుని ఉన్న మస్తాన్‌ను లోపలికి పిలిచి, మెల్లగా అంతా చెప్పాం.

"మంటకి కళ్ళు తెరిచేది కాదు మేడమ్. నేనే రెప్ప ఎత్తిపట్టుకోని వేసినాను" అన్నాడు మస్తాన్.

"నీకు తెలీదు గదా అబ్బా" అంది రేష్మ, ఆయన భుజం మీద చెయ్యేసి.

మర్నాటి నుంచి ఆయనే ఆ పిల్లలను వెంటబెట్టుకుని తెచ్చాడు. ఇళ్ళకు వెళ్ళి తల్లిదండ్రులకు తను చేసింది చెప్పి మరీ తెచ్చాడు. ఒక్కొక్కరి ప్రెషర్ చూస్తున్నంతసేపూ నా ముఖమే చూస్తూ నిలబడ్డాడు. అందరి కళ్ళూ బాగున్నాయి. ఆయన ముఖంలో మాత్రం వెలుగు రాలేదు.

రేష్మ పోటీలు మానేసింది. ఉన్న చూపు నిలబడాలంటే ప్రెషర్ తగ్గించే చుక్కలు జీవితాంతం వేసుకోవాలి. తర్వాతి పరీక్షలో ప్రెషర్ తగ్గాల్సినంత తగ్గలేదు. చుక్కలు ఎవరు వేస్తున్నారని అడిగాను.

"నేనే. సగం బుగ్గ మీద పడతాయి. అబ్బాని అడిగితే బయటికెళ్ళిపోతాడు."

ఆయన్ను పిలిచి సీసా చేతిలో పెట్టాను. వెనక్కి ఇవ్వబోయాడు. "ఈ చెయ్యి వద్దు మేడమ్."

"మీరు వేయకపోతే ఉన్నది కూడా పోతుంది" అన్నాను, కటువుగానే. రేష్మ తల వెనక్కి వాల్చి ఎదురుచూసింది. ఆయన రెప్ప ఎత్తిపట్టుకుని వేశాడు. చుక్క కంట్లోనే పడింది.

ఎర్రబడ్డ కళ్ళతో వచ్చేవాళ్ళనే కాదు, తెల్లటి కళ్ళతో వచ్చేవాళ్ళను కూడా ఏం మందు వేస్తున్నారని అడగడం అప్పటినుంచి అలవాటు చేసుకున్నాను. మస్తాన్ ఇప్పటికీ కొత్త సీసా కొన్నప్పుడల్లా మూత తీయకుండా నా దగ్గరికి తెస్తాడు. "ఇది మంచిదే గదా మేడమ్?" అంటాడు. ఎప్పుడూ అదే మందు. అయినా సీసా అందుకుని, పేరు పైకి చదివి, మంచిదేనని చెబుతాను. చుక్కలు వేసే చేతికి ధైర్యం చెప్పడం కూడా నా ఉద్యోగమేనని నాకు నేర్పింది ఆ తండ్రే.