సగం చూసిన స్లైడు

డెబ్బైల చివర్లో నంద్యాలలో ల్యాబు పని నేర్చుకుని, ఆళ్లగడ్డలో ఒక చిన్న ఆసుపత్రిలో చేరాను. రోగుల కఫాన్ని గాజుపలక మీద పూసి, రంగు వేసి, క్షయ ఉందో లేదో మైక్రోస్కోపులో చూసి చెప్పడం నా పని. నాకు పని నేర్పిన పెద్దాయన నెలకోసారి నంద్యాల నుంచి బస్సులో వచ్చి, నేను చూసిన స్లైడ్లలో కొన్నింటిని మళ్లీ చూసేవాడు.

ఒకసారి నర్సమ్మ ముందే, బెంచీల మీద కూర్చున్న రోగుల ముందే అన్నాడు: "ఏందప్పా, సగం సూసి పక్కన పెడతాండావ్? పురుగు నీకోసరం నడిమధ్యలో కూచోనుంటాదా? ఈ కొసనుంచి ఆ కొసదాకా సూడాల."

"సరేన్నా" అన్నాను. చెవులు కాలిపోయాయి.

ఆ ఆదివారం చర్చిలో మోకరించి, నన్ను అవమానించిన మనిషిని క్షమించమని దేవుణ్ణి వేడుకున్నాను. ఏడ్చాను కూడా. లేచేసరికి మనసు తేలికైంది. "ఓర్చుకున్యావు నాయనా, అదే మన విశ్వాసం" అంది అమ్మ. ఆయన చెప్పింది నిజమా అని మాత్రం దేవుణ్ణి ఒక్కసారీ అడగలేదు. తరువాతి నెలా ఆయన అదే మాట అన్నాడు. నేను మళ్లీ క్షమించాను. స్లైడ్లు మాత్రం మునుపటిలాగే చూశాను.

ఆ ఎండాకాలం, రాళ్లు కొట్టే ఒకాయన దగ్గుతున్న భార్యను తీసుకొచ్చాడు. చూసి, క్షయ లేదని రాసిచ్చాను. వానలు పడ్డాక ఆమెను ఎద్దులబండిలో పడుకోబెట్టి తెచ్చాడు. నాలుగో రోజు చనిపోయింది.

పెద్దాయన వచ్చి, పెట్టెలోంచి ఆమె పాత స్లైడు తీయించాడు. చాలాసేపు చూసి, లేచి, నన్ను కూర్చోమన్నాడు. అంచు దగ్గర, నీలం మధ్య, సన్నటి ఎర్రటి పుల్లలు: క్షయ పురుగులు.

"నన్ను తిట్టన్నా" అన్నాను.

"తిట్టినప్పుడు ఇనకపోతివి. ఇప్పుడు తిడితే ఆయమ్మ లేసొస్తాదా?" అని, టీ కూడా తాగకుండా బస్సుకు వెళ్లిపోయాడు.

కర్మకాండలయ్యాక ఆమె భర్త చనిపోయినట్టు రాసిచ్చే కాగితం కోసం వచ్చాడు. "జబ్బు లేదని మీరు సెప్తే సంతోషంగా ఇంటికి పిల్సుకోని పోతి సార్. ఆ తర్వాత యాడ తగులుకున్యాదో" అన్నాడు. స్లైడు సంగతి చెప్పకుండా, కాగితం చేతికిచ్చి పంపేశాను.

ఆ తరువాత ఏ స్లైడునూ అంచుదాకా చూడకుండా వదల్లేదు. దాంతో ఏమీ తీరలేదు. క్షమాపణ దేవుణ్ణొక్కణ్ణే అడిగితే చాలదని తెలుసు. ఆమె భర్త సంతలో కనబడి నమస్కారం పెడితే, తల దించుకుని పక్క సందులోకి తిరిగేవాణ్ణి.