నేను అరగదీసిన గాటు

1943. తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర నాకు చిన్న కొట్టు ఉండేది. మంగలి కత్తులు, కత్తెరలు, సానరాళ్ళు అమ్మేవాణ్ణి. యుద్ధం మూలంగా ఇంగ్లండు నుంచి వచ్చే సీమ సరుకు రావడం ఆగిపోయింది. పాత కత్తులు కొని సానబట్టి అమ్మితే చాలు, కళ్ళకద్దుకుని తీసుకునేవాళ్ళు. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. ఉక్కు గురించి నాకు తెలియనిది లేదని పొగరు.

మంచి కత్తిని ఎలా ఎంచుకోవాలని ఇప్పటికీ అడుగుతుంటారు. పిడి అందం చూసి మోసపోవద్దు. బ్లేడు రెండు పక్కలా గుంటగా అరగదీసి ఉంటే హాలో గ్రౌండ్ అంటారు, అది చర్మం మీద తేలిగ్గా నడుస్తుంది. బ్లేడుకీ పిడికీ మధ్య మెడలాంటి భాగం టాంగ్. టాంగ్‌ను రెండు వేళ్ళతో పట్టుకుని బ్లేడును గోటితో మీటాలి. మంచి ఉక్కు సన్నగా మోగుతుంది. కంటికి కనపడని పగులుంటే టక్కుమని ఊరుకుంటుంది.

ఆ ఏడాది ఒకాయన పాకాల వైపు నుంచి వచ్చి తెల్లటి ఎముక పిడి ఉన్న కత్తి ఒకటి అమ్మిపోయాడు. అంత మంచి ఉక్కు నేను మళ్ళీ చూడలేదు. ఒకటే లోపం, టాంగ్ మీద, ఇనుము అరగదీసే ఆకురాయితో కోసిన చిన్న గాటు. ఎవరో చేతగానివాడి పనిలే అనుకుని ఒక మధ్యాహ్నమంతా కూర్చుని దాన్ని అరగదీసి నున్నగా చేశాను.

మర్నాడు మునుసామి వచ్చాడు. కొండ మీద తలనీలాలు తీసే మనిషి, అరవై దాటినవాడు. సానబట్టీ సానబట్టీ ఆయన కత్తి ఈనెపుల్లలా అయిపోయింది. మర్నాటి మధ్యాహ్నం కొండ మీదే మనవరాలికి పుట్టు వెంట్రుకలు, ముహూర్తం పెట్టుకున్నారు. తన చేత్తోనే తియ్యాలని ఆయన ఆశ.

ఎముక పిడి కత్తి తీసి మీటాడు. అది మోగింది. మోగుతూనే ఉంది. ఎప్పుడు ఆగుతుందా అని ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. ఆగాక ఆయన బొటనవేలితో టాంగ్ తడిమాడు. నేను అరగదీసిన చోటే వేలు నిలిచింది.

"ఈడ గాటేమన్నా ఉన్నిందా అప్పా?"

బేరానికి వంక వెతుకుతున్నాడనుకున్నాను. "గాటూ లేదు, గీటూ లేదన్నా. మద్రాసు నుంచి వచ్చిన సరుకు" అన్నాను.

ఆయన నా మొహం కేసి కాసేపు చూశాడు. "నువ్వు చెప్తే సరే" అని గుడ్డలో చుట్టుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున నేను కొట్టు తలుపులు తీసేసరికి ఒకామె మెట్టు మీద కూర్చుని ఉంది. తెల్లవారకముందే పాకాలలో రైలెక్కిందట.

"మా ఆయన తెలీక అమ్మేసినాడు సామీ. తెల్ల పిడి కత్తి. మా మామ సచ్చిపోతే ఆఖరు గెడ్డం దాంతోనే తీసినారు. అట్టా తీసినాక దాని మెడకాడ గాటు పెట్టి ఏటి ఇసకలో పూడ్సాల. బతికినోళ్ళ తలకి తగలగూడదు. గాటు సూసి కూడా యా మంగలీ కొనడులే, నీ కాడే ఉంటాదని వచ్చినా."

ఆమెను అక్కడే కూర్చోమని చెప్పి అలిపిరికి పరుగెత్తాను. అంతకుముందు గోవిందా అంటూ ఎన్నిసార్లు ఎక్కిన మెట్లో. ఆ రోజు ఆ పేరు పలకడానికి కూడా భయమేసింది. ఆ పసిదాని తల మీద ఒక్క గీత పడినా అది నేను గీసిందే అనిపించింది.

నేను కొండ మీద తలనీలాలు తీసే చోటికి చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. పాప తల్లి ఒళ్ళో ఉంది. తల తడిపి చాలాసేపైనట్టుంది, జుట్టు ఆరిపోతోంది. చుట్టూ అందరి కత్తులూ బరబరమని నడుస్తున్నాయి. మునుసామి మాత్రం కత్తి విప్పి పట్టుకుని ఊరికే కూర్చున్నాడు.

"రాప్పా," అన్నాడు నేను వస్తానని తెలిసినట్టు. "పొద్దున్నుంచీ మీటతా ఉండా. పలకడం ల్యా."

మీటి చూపించాడు. కట్టెను కొట్టినట్టు టక్కుమంది. నేను తీసుకుని మీటాను. అదే చప్పుడు.

గాటు సంగతి, పాకాల ఆమె చెప్పింది, అంతా చెప్పేశాను. పాప తల్లి బిడ్డను గుండెకు హత్తుకుని వెనక్కి జరిగింది.

"నిన్న అడిగితే ల్యాదంటివే?" అన్నాడు మునుసామి.

"చెప్తే కొనవని, అన్నా."

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. పక్కవాడి కత్తి అడిగి తీసుకుని, పాప తల మళ్ళీ తడిపి, మెల్లగా పని మొదలుపెట్టాడు. ఆఖరి వెంట్రుక దాకా నేను కదల్లేదు. ఒక్క నెత్తుటి చుక్క రాలేదు. తలకు చందనం పూశాక నాకు ఏడుపొచ్చింది.

"దాన్ని ఇచ్చేసే ముందర ఆ గాటు మళ్ళా నువ్వే పెట్టు," అన్నాడు మునుసామి. "నువ్వు తీసిందే గదా."

దిగేటప్పుడు కత్తి నా నడుముకు కట్టుకున్న పంచెలో ఉంది. అంత ఎండలో, అంత చెమటలో, అది ఒంటికి తగిలిన చోట మాత్రం చల్లగానే ఉంది.

పాకాల ఆమె కొట్టు ముందు అలాగే కూర్చుని ఉంది. ఆకురాయి తీసి పాత చోటు వెతికాను. వెతకనక్కర్లేకపోయింది, వేలు తనంతట తానే అక్కడ ఆగింది. మూడు రాపిళ్ళకు గాటు పడింది. అలవాటు కొద్దీ గోటితో మీటాను.

మోగింది. మొదటి రోజు మోగినట్టే, సన్నగా, చాలాసేపు. ఆమె తలమీద కొంగు కప్పుకుని, చప్పుడు పూర్తిగా ఆగేదాకా ఉండి, కత్తిని రెండు చేతులతో అందుకుంది.

టాంగ్‌లో పగులు వేడికి విచ్చుకుని మళ్ళీ కలిసిందేమో అని తెలిసినవాళ్ళు అన్నారు. అయి ఉండవచ్చు. ఆ తర్వాత నలభై ఏళ్ళు ఆ పని చేశాను. ఇప్పటికీ పాత కత్తి చేతికొస్తే ముందు మీటను. దాని ఒంటి మీద ఉన్న ప్రతి గీతా ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని అడుగుతాను. చెప్పేవాళ్ళు లేకపోతే ఆకురాయి ముట్టుకోను.